విలోమం లేని మాత్రిక

కడప నుండి మైదుకూరు పోయే దారిలో, పెన్నానది ఒడ్డున చెన్నూరు ఉన్నది. అక్కడ వరి వేసిన రైతును "ఈసారి ఎన్ని బస్తాలు పండుతాయి?" అని అడిగితే ఆయన ఒక్క మాటలో జవాబు చెప్పడు. నీరు ఎన్నాళ్ళు అందినది, ఎరువు ఎంత పడినది, నాట్లు ఎప్పుడు వేసినది, ఇవన్నీ ఆలోచించుకొని గాని నోరు విప్పడు. పంట ఒక్క కారణం మీద ఆధారపడదని ఆయనకు ఏ పుస్తకమూ నేర్పనక్కరలేదు.

ఆ రైతు కొడుకో కూతురో కళాశాలకు పోతే మొదట నేర్చుకొనే కలన గణితంలో మాత్రం ఒక రాశి మారినప్పుడు మరొక రాశి ఎంత వేగంగా మారుతుందన్న ప్రశ్న ఒక్కటే ఉంటుంది. రాశులు రెండు, మూడు, పది అయినప్పుడు ఏమి చేయవలెనో ఆ పై తరగతులలో వస్తుంది. అక్కడ రెండు వేర్వేరు పాఠాలు ఎదురవుతాయి. ఒకటి అనేక చలరాశుల కలన గణితం. రెండవది మాత్రికలను, సదిశలను గురించిన రేఖీయ బీజగణితం. పుస్తకాలు వేరు, తరచు అధ్యాపకులూ వేరు. పరీక్ష ముగిసిన పిదప ఈ రెండింటికీ ఉన్న సంబంధమేమిటని అడిగితే చెప్పలేని విద్యార్థులు చాలమంది ఉంటారు.

ఈ రెండూ ఒకే బండికి రెండు చక్రాలు. ఆ సంగతి పుస్తకంలోకంటె ఒక తెలుగు గణితవేత్త జీవితంలో స్పష్టంగా కనిపిస్తుంది. ఆయన పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. ప్రపంచం సి. ఆర్. రావు అని పిలిచినది.

పండ్ల ధరలు

రావుగారి కథకు ముందు ఒక పాత లెక్కను గుర్తు చేసుకోవాలి. క్రీస్తుశకం 850 ప్రాంతంలో రాష్ట్రకూట రాజు అమోఘవర్షుని కాలంలో ఉండిన మహావీరాచార్యుడు సంస్కృతంలో 'గణితసారసంగ్రహం' రచించాడు. దానిని పావులూరి మల్లన తెలుగు పద్యాలలోకి తెచ్చాడు. శాస్త్ర విషయం మీద తెలుగులో వెలసిన తొలి గ్రంథాలలో అది ఒకటి.

మహావీరుని గ్రంథంలో ఇటువంటి లెక్క ఉన్నది. 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు కలిపి కొంటే ధర 107. అదే 7 మాదీఫలాలు, 9 వెలగపండ్లు కలిపి కొంటే 101. ఒక్కొక్క పండు ధర ఎంత? ఉన్నత పాఠశాల విద్యార్థి కూడ దీనిని సాధించగలడు. మాదీఫలం 8, వెలగపండు 5. సరిచూడండి: 72, 35 కలిపితే 107, 56, 45 కలిపితే 101.

ఈ లెక్కలో ధరలను పక్కన పెట్టి పండ్ల సంఖ్యలను మాత్రం రెండు వరుసలుగా వ్రాస్తే పై వరుసలో 9, 7. కింది వరుసలో 7, 9 వస్తాయి. ఈ చదరమే మాత్రిక. మూలకు మూల గుణించి తీసివేస్తే, అనగా 81 నుండి 49 తీసివేస్తే, 32 వస్తుంది. దీనిని నిర్ధారకం అంటారు. ఇది సున్న కాదు కాబట్టి ఈ మాత్రికకు విలోమ మాత్రిక ఉన్నది. ఆ విలోమం తాళంచెవి వంటిది. మొత్తం ధరలను దానితో గుణిస్తే విడి ధరలు బయటపడతాయి.

ఇప్పుడు లెక్కను కొద్దిగా మారుద్దాం. మొదటిసారి 9 మాదీఫలాలు, 7 వెలగపండ్లు 107కు కొన్నారు. రెండవసారి 18 మాదీఫలాలు, 14 వెలగపండ్లు 214కు కొన్నారు. బజారుకు రెండుసార్లు పోయిన మాట నిజమే గాని, రెండవసారి కొత్తగా తెలిసినదేమీ లేదు. మాదీఫలం 8, వెలగపండు 5 అయినా లెక్క సరిపోతుంది. మాదీఫలం 1, వెలగపండు 14 అయినా సరిపోతుంది. నిర్ధారకం 126 నుండి 126 తీసివేయగా సున్న. ఇది అసాధారణ మాత్రిక. దీనికి విలోమం లేదు, తాళంచెవి లేదు. తరగతిలో పాఠం సాధారణంగా ఇక్కడ ఆగిపోతుంది. రావుగారి ముఖ్యమైన కృషిలో ఒక భాగం సరిగా ఇక్కడనే మొదలైనది.

రెండు పాయలు కలిసిన చోటు

అనేక చలరాశుల కలన గణితం 18వ శతాబ్దంలో క్లేరో, దాలంబేర్, ఆయిలర్ మొదలైన వారి చేతిలో రూపు దాల్చినది. అందులోని మూలసూత్రం చెన్నూరు రైతుకు తెలిసినదే. నీరు మార్చకుండా ఎరువు మాత్రమే కొంచెం పెంచితే ధాన్యం ఎంత పెరుగుతుంది? ఎరువు మార్చకుండా నీరు మాత్రమే పెంచితే ఎంత? ఇట్లా ఒకదానిని తప్ప తక్కినవాటిని కదలకుండా ఉంచి లెక్కించిన వేగాలే పాక్షిక అవకలజాలు.

రైతుకు ధాన్యంతో పాటు పశువులకు గడ్డి కూడ కావాలి. కారణాలు రెండు, నీరు, ఎరువు. ఫలితాలు రెండు, ధాన్యం, గడ్డి. ఒక్కొక్క ఫలితం మీద ఒక్కొక్క కారణం చూపే వేగాన్ని వ్రాస్తే నాలుగు సంఖ్యలు వస్తాయి. వాటిని రెండు వరుసలుగా పేర్చితే మాత్రిక తయారవుతుంది. పొలం నడక ఎంత వంకరటింకరగా ఉన్నా, చిన్న మార్పుల మేరకు ఈ మాత్రికే దానిని చాలవరకు చెప్పగలదు. వంకర గీతలో అతి చిన్న ముక్క తిన్నని గీతవలె కనిపించడం వంటిదే ఇది. ఇటువంటి అమరిక నిర్ధారకాన్ని జర్మన్ గణితవేత్త జాకోబీ 1841లో విపులంగా పరిశీలించాడు. కలన గణితం, బీజగణితం కలిసే చోటు ఇదే.

చిత్రమేమంటే, అప్పటికి 'మాత్రిక' అన్న పేరే లేదు. దానికి సమానమైన ఇంగ్లీషు మాటను 1850లో సిల్వెస్టర్ వాడాడు. మాత్రికలను సంఖ్యలవలె కూడి, గుణించి, విలోమం కట్టే శాస్త్రాన్ని 1858లో కేలీ ప్రకటించాడు. అది వెంటనే అందరి పాఠం కాలేదు. 1925లో హైసెన్‌బర్గ్ పరమాణువుల వెలుగును గురించి లెక్కలు కడుతూ సంఖ్యల పట్టికలను ఒక వింత పద్ధతిలో గుణించాడు. అవి మాత్రికలని ఆయనకు తెలియదు. ఆయన గురువు మాక్స్ బోర్న్ తాను విద్యార్థి దశలో నేర్చుకొన్న పాఠం గుర్తుకు వచ్చి ఆ సంగతి పోల్చుకొన్నాడు. చదివిన కాలంలో ప్రయోజనం కనబడని పాఠం పిదప ఎప్పుడో అక్కరకు వచ్చుటకు ఇంతకంటె మంచి ఉదాహరణ అరుదు.

విశాఖపట్నంలో విద్యార్థి

కడపతో పాటు దత్తమండలాలలో చేరిన పూర్వపు బళ్ళారి జిల్లాలో హడగలి అనే ఊరు ఉన్నది. ఇప్పుడది కర్ణాటకలోనిది. అక్కడ 1920 సెప్టెంబరు 10న ఒక తెలుగు కుటుంబంలో రాధాకృష్ణారావు జన్మించారు. పదిమంది సంతానంలో ఆయన ఎనిమిదవవాడు. అష్టమ గర్భాన పుట్టిన కృష్ణుని తలచి తల్లిదండ్రులు ఆ పేరు పెట్టారు. తండ్రి పోలీసు శాఖలో ఉద్యోగి కాబట్టి బదిలీల వెంట చదువు కూడ గూడూరు, నూజివీడు, నందిగామ తిరిగి చివరకు విశాఖపట్నం చేరినది. తల్లి లక్ష్మీకాంతమ్మ ప్రతిరోజు తెల్లవారుజామున నాలుగు గంటలకు కొడుకును లేపి, చదువుకొనుటకు నూనె దీపం వెలిగించేది. రావుగారు ఆ సంగతిని మరువక తన గ్రంథం ఒకటి ఆమె స్మృతికి అంకితం చేశారు.

విశాఖపట్నంలో శ్రీమతి ఎ. వి. ఎన్. కళాశాలలో ఇంటర్మీడియేట్, 1926లో స్థాపితమైన ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితశాస్త్రం చదివి 1940లో ప్రథమ శ్రేణిలో ప్రథముడుగా ఉత్తీర్ణులైనారు. గణితంలో పరిశోధన చేయవలెనన్నది ఆయన కోరిక. కాని ఆశించిన పరిశోధక వేతనం లభించలేదు. రెండవ ప్రపంచ యుద్ధం సాగుతున్న రోజులవి. సైన్యానికి చెందిన సర్వే విభాగంలో గణితవేత్త ఉద్యోగం ఉన్నదని తెలిసి కలకత్తా వెళ్ళారు. అదీ దొరకలేదు.

గణితంలో ప్రథముడుగా నిలిచిన ఇరువదేళ్ళ యువకునికి ఎక్కడా చోటు లేదు. అయితే కలకత్తాలో బస చేసినచోట సుబ్రహ్మణ్యన్ అనే యువకుడు పరిచయమైనాడు. అతడు బొంబాయి నుండి వచ్చి, ప్రశాంతచంద్ర మహలనోబిస్ 1931లో స్థాపించిన భారత సాంఖ్యక సంస్థలో శిక్షణ పొందుతున్నాడు. ఆ పరిచయంతో రావుగారు ఆ సంస్థను చూశారు. 1941 జనవరి 1న అందులో చేరారు. అదే సంవత్సరం కలకత్తా విశ్వవిద్యాలయంలో సాంఖ్యకశాస్త్రం ఎం. ఏ. తరగతి ప్రారంభమైనది. దాని మొదటి జట్టు విద్యార్థులలో ఆయన ఒకరు. 1943లో బంగారు పతకంతో ఉత్తీర్ణులైనారు.

ఒక రాత్రి చేసిన లెక్క

పిదప ఆయన అక్కడనే పాఠాలు చెప్పసాగారు. 1944 ప్రాంతంలో ఒకనాడు తరగతిలో, కొలతల సంఖ్య చాల పెద్దదైనప్పుడు అంచనాలో ఉండే దోషాన్ని గురించి ఇంగ్లండుకు చెందిన ఫిషర్ చెప్పిన ఫలితాన్ని బోధిస్తున్నారు. ఒక విద్యార్థి లేచి, కొలతలు కొద్దిగానే ఉన్నప్పుడు కూడ ఇటువంటి నియమం ఉన్నదా అని అడిగాడు. ఆ విద్యార్థి తరువాతి కాలంలో ఆర్థికవేత్తగా పేరు పొందిన వి. ఎం. దండేకర్. రావుగారు ఆ రాత్రి కూర్చుని లెక్క సాధించి మరునాడు తరగతిలో చూపించారు. తరగతిలో వచ్చిన ప్రశ్న ఎంత దూరం పోగలదో ఉపాధ్యాయులు గమనించదగిన సంగతి.

ఆ ఫలితం సారాంశం ఇది. తెలియని రాశికి ఒక్కొక్క విలువ ఊహించి, ఆ విలువే నిజమైతే చేతిలో ఉన్న కొలతలు రావడానికి ఎంత అవకాశమున్నదో గుర్తిస్తూపోతే ఒక గుట్ట ఆకారం ఏర్పడుతుంది. గుట్ట కొన సూదిగా ఉంటే నిజమైన విలువ ఎక్కడ ఉన్నదో గట్టిగా చెప్పవచ్చు. కొన మొద్దుగా ఉంటే అంత గట్టిగా చెప్పలేము. ఆ కొన ఎంత వంపు తిరిగినదో రెండవ అవకలజం చెబుతుంది. ఈ వంపు నుండి లెక్కించిన రాశికి ఫిషర్ 'సమాచారం' అని పేరు పెట్టాడు. సమాచారం ఎంత ఉన్నదో, దాని విలోమం కంటె తక్కువ విస్తృతి గల నిష్పాక్షికమైన అంచనా ఎవరికీ సాధ్యం కాదని రావుగారు నిరూపించారు.

ఉదాహరణకు, సామాన్యంగా పంచబడిన ఎత్తులలో ప్రామాణిక విచలనం 6 సెంటీమీటర్లు అనుకొందాం. 36 మంది విద్యార్థుల ఎత్తులు కొలిచి సగటు తీస్తే ఆ సగటులో ప్రామాణిక దోషం 6ను 36 వర్గమూలమైన 6తో భాగించగా 1 సెంటీమీటరు. ఎంత తెలివైన నిష్పాక్షిక సూత్రమైనా, అవే 36 కొలతలతో దీనికి తగ్గించలేదు. ఇది మనిషి తెలివికి గాక, కొలతలకే ఉన్న హద్దు.

తెలియని రాశులు రెండో మూడో ఉంటే గుట్ట అనేక దిశలలో వంగుతుంది. అప్పుడు రెండవ పాక్షిక అవకలజాల నుండి వచ్చే సంఖ్యలను వరుసలుగా పేర్చవలసి వస్తుంది. అదే సమాచార మాత్రిక. హద్దును చెప్పేది దాని విలోమ మాత్రిక. ఒక చేత కలన గణితం, మరొక చేత రేఖీయ బీజగణితం పట్టుకొనక ఈ ఫలితాన్ని చెప్పడమే సాధ్యం కాదు. 1945లో కలకత్తా గణిత సంఘం పత్రికలో ఇది ప్రకటితమైనది. స్వీడన్ దేశస్థుడు క్రామెర్ కూడ విడిగా ఇదే ఫలితాన్ని సాధించి 1946లో ప్రకటించినందువలన దీనికి క్రామెర్-రావు అసమానత అని పేరు వచ్చినది. అదే వ్యాసంలో రావుగారు సమాచార మాత్రికను కొలబద్దగా తీసుకొని రెండు జనసముదాయాల మధ్య 'దూరం' కొలిచే మార్గం కూడ చూపించారు.

హిరోషిమా పట్టికలు

1946లో రావుగారు కేంబ్రిడ్జి వెళ్ళారు. సూడాన్‌లోని జెబెల్ మోయా వద్ద తవ్వకాలలో దొరికిన ప్రాచీన మానవుల ఎముకల కొలతలను అక్కడి పురావస్తు ప్రదర్శనశాలలో పరిశీలించారు. ఒక ఎముక పొడవైతే మరొకటి కూడ పొడవుగా ఉండే అవకాశం ఎక్కువ కాబట్టి, కొలతలను విడివిడిగా గాక మాత్రికగా కూర్చి చూడవలసి వచ్చినది. ఫిషర్ వద్ద పనిచేసి 1948లో డాక్టరేట్ పొంది కలకత్తా తిరిగి వచ్చారు.

1945 ఆగస్టు 6న హిరోషిమా మీద, 9న నాగసాకి మీద అణుబాంబులు పడిన సంగతి అందరికీ తెలిసినదే. ఆ ధార్మిక కిరణాల ప్రభావం బ్రతికి ఉన్నవారి మీద దీర్ఘకాలంలో ఎట్లా ఉంటుందో కనుగొనుటకు జపానులో కొలతలు సేకరించారు. అందులో కొన్ని 1954లో విశ్లేషణకు రావుగారి చేతికి వచ్చినవి.

పొలంలో ప్రయోగం చేసేవాడు మడులను సమంగా విభజించి, ప్రతి రకానికీ అన్నే మడులు కేటాయించగలడు. మనుషుల మీద పడిన విపత్తు అట్లా సమంగా పంచబడదు. జనాన్ని అనేక లక్షణాలను బట్టి ఒకేసారి వర్గాలుగా విడదీస్తే, ఒక గడిలో ఎక్కువమంది ఉంటారు, ఒక గడిలో కొద్దిమంది, ఒక్కొక్క గడి ఖాళీగా కూడ ఉండవచ్చు. లెజాండర్, గౌస్ కాలం నుండి వచ్చిన కనిష్ఠ వర్గాల పద్ధతిలో ఇట్టి లెక్క చివరకు ఒక సమీకరణ సముదాయంగా తేలుతుంది. దోషం కనిష్ఠం కావలెనంటే పాక్షిక అవకలజాలన్నీ సున్న కావాలి; ఆ షరతుల నుండి వచ్చేవే ఈ సమీకరణాలు. వాటిని సాధించుటకు మాత్రికకు విలోమం కావాలి. రావుగారి ముందున్న మాత్రికకు విలోమం లేదు.

చెన్నూరు పొలాల భాషలో దీనిని ఇట్లా చెప్పవచ్చు. నీరు ఎక్కువ అందిన పొలానికే ఎరువు కూడ ఎక్కువ వేస్తూ వస్తే, పంట పెరిగినది నీటి వలననా, ఎరువు వలననా అన్నది ఎన్ని పొలాలు చూసినా తేలదు. రెండుసార్లు బజారుకు పోయి ఒకే పాళ్ళలో పండ్లు కొన్నవాని స్థితి ఇదే.

అయితే ఆ కొలతలను పారవేయవలెనా? అవి మళ్ళీ సంపాదించగల కొలతలు కావు. సంఖ్యల వెనుక ఉన్నవి మనుషుల శరీరాలు. మాత్రికకు విలోమం లేకపోయినా, విలోమం చేసే పనిలో కొంత చేయగల మరొక మాత్రికను రావుగారు లెక్కకట్టారు. ఆ సంస్థలో అప్పటికి డిజిటల్ కంప్యూటరు పనిచేయడం లేదు. ఈ పద్ధతి 1955లో 'సాంఖ్య' పత్రికలో వచ్చినది. అదే సంవత్సరం కేంబ్రిడ్జిలో రోజర్ పెన్రోజ్ అనే యువకుడు శుద్ధ గణిత మార్గాన ఇటువంటి భావననే ప్రకటించాడు. అమెరికాలో మూర్ 1920లోనే ఈ దారి తొక్కి ఉన్నా, ఆ పని పెద్దగా ప్రచారంలోకి రాలేదు.

1962లో రావుగారు ఈ భావనను మిక్కిలి సులభమైన రూపంలో పెట్టారు. 'అ' అనే మాత్రిక ఉన్నదనుకొందాం. 'అ' ను 'గ' తో గుణించి, మళ్ళీ 'అ' తో గుణిస్తే తిరిగి 'అ' యే రావాలి. ఈ ఒక్క షరతు తీరిస్తే 'గ' ను 'అ' యొక్క సాధారణీకృత విలోమం అనవచ్చు. నిజమైన విలోమం ఒక్కటే ఉంటుంది. ఇటువంటి 'గ' లు అనేకం ఉండవచ్చు.

పండ్ల లెక్కలోనే దీనిని చూద్దాం. పై వరుసలో 9, 7. కింది వరుసలో 18, 14 గల మాత్రికకు, ఎడమ పై మూలలో తొమ్మిదో వంతు, తక్కిన మూడు చోట్ల సున్నలు గల మాత్రిక 'గ' గా సరిపోతుంది. విద్యార్థులు గుణించి చూసుకోవచ్చు. దీనితో ధరలు కడితే మాదీఫలం 107లో తొమ్మిదో వంతు, వెలగపండు ఉచితం అని వస్తుంది! విడి ధరలుగా ఇవి నమ్మదగినవి కావు. కాని 27 మాదీఫలాలు, 21 వెలగపండ్లు కలిపి ఎంత అని అడగండి. ఈ ధరలతో 321 వస్తుంది. 8, 5 ధరలతో కట్టినా 321. 1, 14 ధరలతో కట్టినా 321. ఏ 'గ' తీసుకొన్నా ఈ ప్రశ్నకు జవాబు మారదు. ఒక్క వెలగపండు ధర ఎంత అన్న ప్రశ్నకు మాత్రం 'గ' తో పాటు జవాబు మారుతుంది.

ఇక్కడనే అసలు ప్రయోజనం ఉన్నది. ఉన్న కొలతలు ఏ ప్రశ్నకు జవాబు చెప్పగలవో, ఏ ప్రశ్నకు చెప్పలేవో ఈ పద్ధతి వేరు చేసి చూపుతుంది. చెప్పగలిగినదానిని పూర్తిగా చెప్పించి, చెప్పలేనిదానిని చెప్పినట్లు నటించకుండా ఆపుతుంది. అణుబాంబు బాధితుల వంటి విషయంలో ఈ రెండూ ఎంత ముఖ్యమో వివరించనక్కరలేదు. ఉన్న హానిని లేదనడమూ తప్పే, రుజువు కానిదానిని రుజువైనదనడమూ తప్పే.

రావుగారు సుజిత్ కుమార్ మిత్రాతో కలిసి ఈ విషయం మీద 1971లో ఒక గ్రంథం ప్రకటించారు. భారత సాంఖ్యక సంస్థలో సుమారు నలుబదేళ్ళు పనిచేసి, తరువాత అమెరికాలోని పిట్స్‌బర్గ్, పెన్సిల్వేనియా స్టేట్ విశ్వవిద్యాలయాలలో బోధించారు. 2001లో పద్మవిభూషణ్, 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమతి లభించినవి. ఆ సంవత్సరమే ఆగస్టు 22న, నూట రెండేళ్ళ వయస్సులో, అమెరికాలో కన్నుమూశారు. ఆయన పేరిట హైదరాబాదు విశ్వవిద్యాలయ ఆవరణలో ఒక గణిత పరిశోధనా సంస్థ ఉన్నది.

రావుగారు చదివిన రోజులలో రాయలసీమలో విశ్వవిద్యాలయం లేదు. 1954లో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయం, 2006లో కడపలో యోగి వేమన విశ్వవిద్యాలయం వెలిసినవి. చెన్నూరు విద్యార్థి ఇప్పుడు అనేక చలరాశుల కలన గణితమూ, రేఖీయ బీజగణితమూ ఇంటి నుండి పోయివస్తూ చదువుకోవచ్చు. పరీక్షలో నిర్ధారకం సున్న వచ్చినప్పుడు "విలోమం లేదు" అని వ్రాస్తే మార్కులు పడతాయి. ఆ జవాబు తప్పు కాదు. అయితే కలం పక్కన పెట్టేముందు మరొక ప్రశ్న వేసుకోవచ్చు: ఈ కొలతలు చెప్పలేనిది ఇది సరే, చెప్పగలిగినది ఏమిటి? నీరు వేరుగా, ఎరువు వేరుగా మార్చి చూడని పొలం ముందు నిలబడిన రైతు కూడ ఆ ప్రశ్నే వేసుకొంటాడు. వచ్చే కారులో ఒక మడికి నీరు మాత్రమే పెంచి చూస్తాడు.